ఐఎస్ఐ మార్కు గారికి బస్తీ నుంచి

మహారాజశ్రీ ఐఎస్ఐ మార్కు గారికి,

మా బస్తీ వాళ్లం నమస్కరించి రాయునది. ఉభయ కుశలోపరి. మా కుశలం సంగతి ల్యాబ్ వాళ్లు చెప్పాలి గానీ, ల్యాబ్ మొహం చూసిన నీళ్లు మా దాకా ఎప్పుడొచ్చాయి కనక!

తమరిని పెళ్లి భోజనాల్లో లీటరు బాటిల్ మీద చూస్తుంటాం. మా సందు చివర వాటర్ ప్లాంటుకి మాత్రం రారు. తమ రూలు సీలు వేసిన నీళ్లకేనట. మావాడు బోరు నీళ్లు ఫిల్టర్ చేసి, ఇరవై లీటర్ల క్యాన్ నింపి, మూత చేత్తో నొక్కి ఇస్తాడు. సీలు లేదు కాబట్టి అది ప్యాకేజ్డ్ నీరు కాదు. నల్లా నీరు అంతకన్నా కాదు.

2001లో బాటిల్ నీళ్లకు తమరిని తప్పనిసరి చేశారు. 2024 అక్టోబరులో ఆ షరతు తీసేసి, మరుసటి నెలలో అవే నీళ్లని 'హై రిస్క్' ఆహారాల్లో చేర్చారు. మాకేం తేడా తెలియలేదు. ఎప్పుడూ రాని చుట్టం ఊరు వదిలి వెళ్తే ఎవరికి తెలుస్తుంది?

ఇక మావాడి సైన్సు చూడాలి. టీడీఎస్ మీటరు ముంచి అంకె చూపిస్తాడు. తక్కువుంటే అమృతమే! ఆ మీటరుకు తెలిసింది కరిగిన లవణాలే, మలం నుంచి వచ్చే ఈ-కోలి బ్యాక్టీరియా ఈదుతున్నా పట్టదు. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం 100 మిల్లీలీటర్లలో అది ఒక్కటీ కనిపించకూడదు. క్రిముల్ని చంపే యూవీ లైటు వెలగట్లేదేమని అడిగితే "కరెంటు లేదండీ" అంటాడు, ఫ్యాను కింద కూర్చుని.

ఎండాకాలంలో సర్కారుకు మేం గుర్తొస్తాం. జీపు వస్తుంది, ప్లాంటుకు తాళం పడుతుంది, పేపర్లో ఫొటో పడుతుంది. మర్నాటికి పక్క బస్తీవాడు క్యాన్ రేటు పెంచేస్తాడు. శాంపిల్ తీశారా అంటే, కాగితాలు లేవన్నదే నేరమట. మా నల్లా ఎందుకు రాదో ఆ జీపులో ఎవరూ అడగరు.

సొంత ల్యాబు, కెమిస్టు ఉంటేనే ముద్ర అంటే మావాడు ఆ ఖర్చంతా క్యాన్ మీదే వేస్తాడు. అది వద్దు. నెలకోసారి ఎవరైనా వచ్చి శాంపిల్ పట్టుకెళ్లి, రిజల్టు తెలుగులో రేటు బోర్డు పక్కన అంటిస్తే చాలు. చెడ్డగా వస్తే బాగుచేసుకోడానికి వారం గడువు, ఆ వారం మాకు ట్యాంకరు. తాళం సంగతి ఆ తర్వాత.

శాంపిల్ తీసే ఆయన ముందురోజే ప్లాంటుకు ఫోన్ చేసి చెప్పకుండా నేరుగా వచ్చేలా చూడగలరు.

ఇట్లు,
తమ పరిధిలోకి రాని వినియోగదారులు