మొదటి ప్రొటోటైప్ అందంగా ఉంటే అనుమానించాలి

జపాన్ గేమ్ కంపెనీ నింటెండో 2017లో తెచ్చిన ‘జెల్డా: బ్రెత్ ఆఫ్ ద వైల్డ్’ అనే వీడియో గేమ్ పేరు చెప్పగానే ఆడినవాళ్లకు గుర్తొచ్చేది దాని విశాలమైన త్రీడీ లోకం. ఆ లోకాన్ని కట్టే క్రమంలో నింటెండో టీమ్ 1986 నాటి మొట్టమొదటి జెల్డాని పోలిన ఒక 2డీ ప్రొటోటైప్, అంటే ఆడి చూడటానికి చేసే ముడి రూపం, చేసుకుంది. చెట్టు కొడితే దుంగ పడాలి, దుంగ నీళ్లలో తేలాలి, మంట మీదుగా వెళ్లిన బాణం అంటుకోవాలి. వస్తువుల మధ్య ఇలాంటి సంబంధాలు పెడితే ఆటగాడు తన ఉపాయాలు తనే వెతుక్కుంటాడా అన్నది వాళ్ల సందేహం. దాన్ని తేల్చుకోవడానికి అందమైన కొండలు అక్కర్లేదు. గడులూ చుక్కల బొమ్మలూ సరిపోయాయి.

ప్రొటోటైప్ అంటే గేమ్‌కి చిన్న సైజు నమూనా అనుకునేవాళ్లు చాలామంది. అసలు దాని పని ఒక సందేహం తీర్చడం. అది తీరాక పారేయొచ్చు. చాలాసార్లు పారేయాలి కూడా, ఎందుకంటే హడావుడిగా రాసిన ఆ కోడ్ మీదే అసలు గేమ్ కట్టుకుంటూ పోతే తర్వాత ప్రతి మార్పుకీ తల పట్టుకోవాల్సి వస్తుంది. పబ్లిషర్‌కో ఇన్వెస్టర్‌కో చూపించే డెమో వేరు. దాన్ని పరిశ్రమలో ‘వర్టికల్ స్లైస్’ అంటారు. ఒక్క లెవెల్‌ని బొమ్మలు, శబ్దాలతో సహా పూర్తి నాణ్యతతో తయారుచేసి చూపడమన్నమాట. అది పెళ్లిచూపుల్లాంటిది. అందరూ ముస్తాబై కూర్చున్న చోట లోపాలు బయటపడవు. ఈ రెండు పనులనూ ఒకే బిల్డ్‌తో (ఆడటానికి వీలుగా తయారుచేసిన ఒక రూపంతో) కానిచ్చేద్దామనుకోవడం దగ్గరే చాలా గేమ్‌లు దారి తప్పుతాయని నా అభిప్రాయం.

పై నుంచి పడే ముక్కలను పేర్చే టెట్రిస్ సంగతే చూడండి. 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ దాన్ని రాసిన ఎలెక్ట్రోనికా 60 కంప్యూటర్‌కి గ్రాఫిక్స్ చూపించే సత్తా లేదు. ముక్కలను బ్రాకెట్ గుర్తులతో గీశాడు. రంగు లేదు, సంగీతం లేదు. అయినా ఆడటం ఆపలేకపోయాడు. అంతకంటే ముందే ఆయన ఒక కీలకమైన పని చేశాడు. ఐదేసి గళ్ల ముక్కలతో ఆడే పెంటామినో పజిల్ నుంచి ఆలోచన తీసుకుని, ఒక్కో ముక్కను నాలుగు గళ్లకు కుదించాడు. దాంతో 12 ఆకారాలు 7కి తగ్గాయి. మనిషి కన్ను ఒక్క చూపులో గుర్తుపట్టి, చెయ్యి వెంటనే కదలగలిగేంత తక్కువన్నమాట. టెట్రిస్ డిజైన్‌లో సగం ఆ కుదింపులోనే ఉంది. అది తెర మీద అలంకారంగా కనిపించేది కాదు.

వాదనలతో తేలనిది ఒక పూట ప్రయోగంతో తేలుతుందనడానికి రాక్షసులతో పోరాడే ‘డయాబ్లో’ గేమ్ మంచి ఉదాహరణ. ఆటగాడు ఒక అడుగు వేస్తే శత్రువు ఒక అడుగు వేసే పద్ధతిలో దాన్ని మొదలుపెట్టారు. దాన్ని రియల్ టైమ్‌లోకి, అంటే వంతులు లేకుండా అందరూ ఒకేసారి కదిలేలా, మార్చమని ఆ గేమ్ పబ్లిషర్ బ్లిజార్డ్ అడిగితే, ప్రధాన రూపకర్త డేవిడ్ బ్రెవిక్‌కి నచ్చలేదు. వంతులవారీ ఆటలో ఉండే టెన్షన్ పోతుందని ఆయన బాధ. చివరికి టీమ్‌లో మెజారిటీ మార్పు వైపే మొగ్గడంతో ఒప్పుకుని, చాలా సమయం పడుతుందని చెప్పి అదనపు డబ్బు కూడా అడిగాడు. తీరా కూర్చుంటే ఒక మధ్యాహ్నంలో పని అయిపోయింది! మౌస్‌తో అస్థిపంజరం మీద క్లిక్ చేయగానే యోధుడు నడిచి వెళ్లి దాన్ని పగలగొట్టాడు. ఇక చర్చే లేదు. ఈ కథ చెప్పింది బ్రెవికే, 2016లో గేమ్ డెవలపర్స్ కాన్ఫరెన్స్‌లో.

చేసేవాడే ఆడి చూసుకుంటే మాత్రం ప్రయోజనం తక్కువ. ‘సివిలైజేషన్’ గేమ్ తయారీలో దాని రూపకర్త సిడ్ మేయర్ కొత్త వెర్షన్ ఇస్తే సహచరుడు బ్రూస్ షెల్లీ ఆడి తన అభిప్రాయం చెప్పేవాడు. ఆ మాటలను బట్టి మేయర్ మళ్లీ మార్చేవాడు. గేమ్‌లో వేగం, ఖర్చు లాంటి ఏదైనా అంకె సరిగ్గా లేదనిపిస్తే కొంచెం కొంచెం సవరించకు, రెట్టింపు చెయ్యి, లేదా సగానికి తగ్గించు అన్నది మేయర్ సూత్రం. ఐదు శాతం తేడా ఆడేవాడికి తెలియదు. రెట్టింపు చేస్తే ఏ దిక్కుకు పోతున్నామో వెంటనే తెలుస్తుంది.

మరి ఏ గేమ్‌నైనా డబ్బాలూ గీతలతో పరీక్షించేయవచ్చా? లేదు. దీన్ని సిద్ధాంతంగా పట్టుకు వేలాడటమూ పొరపాటే. భయపెట్టే గేమ్‌లో చీకటీ శబ్దమే ఆట. వాటిని తీసేస్తే పరీక్షించడానికి ఏమీ మిగలదు. 2005లో కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో నలుగురు విద్యార్థులు ‘ఎక్స్‌పెరిమెంటల్ గేమ్‌ప్లే ప్రాజెక్ట్’ పేరుతో ఒక సెమిస్టర్‌లో 50కి పైగా చిన్న గేమ్‌లు చేశారు. ఒక్కో గేమ్ ఒక్కరే చేయాలి, ఏడు రోజుల్లోపు ముగించాలి. అంత తొందరలోనూ వాళ్లు తమ గేమ్ కలిగించాల్సిన భావానికి తగిన బొమ్మలూ సంగీతమూ ముందుగా పోగేసుకోవడం మేలన్నారు. ‘వరల్డ్ ఆఫ్ గూ’ (2008) అనే పజిల్ గేమ్‌కి మూలం ఆ ప్రాజెక్టులో పుట్టిన ‘టవర్ ఆఫ్ గూ’యే. అంటే సమస్య బొమ్మలతో కాదు, ఏ సందేహం కోసం ఆ బొమ్మలు వేస్తున్నామో తెలియకపోవడంతో.

ఈ మధ్య ఈ సమస్య ముదిరింది. రెడీమేడ్ అడవులు, పాత్రలు, కత్తులు అసెట్ స్టోర్‌లో, అంటే గేమ్ సామగ్రి అమ్మే ఆన్‌లైన్ దుకాణంలో, కొనుక్కోవచ్చు. ఏఐతో బొమ్మలు క్షణాల్లో వస్తున్నాయి. రెండో రోజుకే తెర కళకళలాడుతుంటే, పరీక్షించడానికి వచ్చిన స్నేహితుడు ‘సూపర్ బ్రో’ అనేస్తాడు. అతను మెచ్చుకున్నది అడవిని. దూకడం విసుగ్గా ఉందన్న సంగతి చెప్పడు, అతనికీ సరిగ్గా తెలియదు. అదే బూడిదరంగు డబ్బా దూకుతుంటే చూడటానికి ఆ దూకడం తప్ప ఇంకేం లేదు, మొహమాటం లేకుండా చెబుతాడు.

హైదరాబాద్ లాంటి చోట దీనికి ఇంకో కోణం ఉంది. యానిమేషన్, వీఎఫ్‌ఎక్స్‌లో ఆరితేరినవాళ్లు ఇక్కడ చాలామంది. సొంత గేమ్ మొదలుపెట్టినప్పుడు సహజంగానే చేతికి వచ్చిన పని ముందు చేస్తారు. పాత్ర డిజైన్, ట్రైలర్, లోగో తయారవుతాయి. ఆరు నెలల తర్వాత నియమాలు మార్చాల్సి వస్తే, అంత కష్టపడి చేసిన పాత్రను తీసేయడానికి ఎవరికీ మనసొప్పదు. అప్పుడు బొమ్మకు తగ్గట్టు ఆట వంగుతుంది.

దీనికి టీమ్‌లను ఒక్కళ్లనే అనలేం. డబ్బు పెట్టేవాళ్లు ట్రైలర్ అడిగితే ట్రైలరే వస్తుంది. దానికి బదులు మొదటి మీటింగ్‌లో రెండు విషయాలు అడగొచ్చు: ఇప్పటిదాకా ఏ ఆలోచనలు ఆడి చూసి పక్కన పడేశారు, ఎందుకు పడేశారు? జవాబు చెప్పడానికి పనికిరాని ప్రొటోటైప్‌లు నాలుగైనా చూపించగలిగే టీమ్‌కి మొదటి చెక్కు చిన్నదిగా ఇచ్చి, రెండో చెక్కును కొత్తవాళ్లు ఆ డబ్బాల గేమ్‌ని ఎవరూ అడగకుండానే మళ్లీ ఆడుతున్నారా లేదా అన్నదానికి ముడిపెట్టాలి.