హీటర్ రాడ్ ఎవరు అమ్మినట్టు?

మొన్న చలికాలంలో మల్కాజ్‌గిరిలోని మా ఇంట్లో అమ్మ స్నానానికి నీళ్లు కాచుకుందామని కొత్త హీటర్ రాడ్ బకెట్‌లో పెట్టింది. పది నిమిషాలకే ప్లాస్టిక్ పిడి మెత్తబడి వంగిపోయింది. స్టీలు బకెట్ అంచు మీద చెయ్యి వేయగానే షాక్ కొట్టి అమ్మ వెనక్కి పడింది. మోచెయ్యి వాచింది, ప్రాణం దక్కింది. తర్వాత చూస్తే రాడ్ మీద ఐఎస్ఐ గుర్తు లేదు. ఆ గుర్తు లేని హీటర్ రాడ్‌ను అమ్మడమే చట్టవిరుద్ధం.

రాడ్ ఆన్‌లైన్‌లో కొన్నదే. ఆ ఆన్‌లైన్ కంపెనీకి కంప్లైంట్ పెడితే, 'అమ్మింది మేం కాదు, సెల్లర్‌ను అడగండి' అన్నారు. సెల్లర్ ఫోను ఎప్పుడు చేసినా స్విచాఫ్.

అదే కోఠి గుజరాతీ గల్లీలో కొని ఉంటే నేరుగా ఆ కొట్టుకే వెళ్లేవాణ్ని. 'తయారుచేసింది నేను కాదన్నా' అని షాపతను అనగలడు, 'అమ్మింది నేను కాదు' అని మాత్రం అనలేడు. మరి సరుకు తన గోదాములో పెట్టుకుని, తన పేరున్న డబ్బాలో సర్ది, తన మనిషితో పంపి, డబ్బు తన ఖాతాలో వేయించుకున్న కంపెనీ ఎలా అనగలుగుతోంది?

2019 వినియోగదారుల రక్షణ చట్టంలోనే ఆ సందు ఉంది. అమ్మేవాడితో పాటు సరుకును పంపిణీ చేసేవాడు, ప్యాక్ చేసేవాడు, మార్కెటింగ్ చేసేవాడు కూడా 'ఉత్పత్తి విక్రేత'లే అంటుంది ఒక నిర్వచనం. ఆన్‌లైన్ మార్కెట్లను మాత్రం అమ్మకాలకు సాంకేతిక సాయం చేసేవాళ్లుగా వేరే వరుసలో పెడుతుంది ఇంకో నిర్వచనం. తయారీదారు ఎవరో తెలియకపోతే విక్రేతే బాధ్యుడని 86వ సెక్షన్ చెబుతోంది. కానీ ఆన్‌లైన్ మార్కెట్ అసలు విక్రేతే కాదంటే ఆ సెక్షన్ మా అమ్మకు అక్కరకు రాదు.

2022లో ప్రమాణాలు లేని ప్రెషర్ కుక్కర్లు అమ్మనిచ్చినందుకు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ అమెజాన్‌కు లక్ష రూపాయల జరిమానా వేసింది. 2,265 కుక్కర్లను వెనక్కి తీసుకుని డబ్బు తిరిగి ఇవ్వమంది. వాటి మీద ఆ కంపెనీకి వచ్చిన ఫీజు 6 లక్షలు దాటింది. ప్రతి అమ్మకం మీదా సంపాదిస్తూ, సమస్య వచ్చినప్పుడు సంబంధం లేదంటే కుదరదని ఆ సంస్థ తేల్చింది. సరైన మాటే. కానీ జరిమానా ప్రభుత్వానికి పోతుంది, దెబ్బ తగిలినవాళ్లకు పరిహారం రాదు. 2020లో కాలిఫోర్నియాలో ల్యాప్‌టాప్ బ్యాటరీ పేలి గాయపడిన మహిళ కేసులో అప్పీలు కోర్టు, అమ్మేవాడికీ కొనేవాడికీ మధ్య నిలబడ్డ అమెజాన్ కూడా బాధ్యత మోయాల్సిందేనంది. మన చట్టానికీ అంత స్పష్టత కావాలి.

కోట్ల సరుకుల్ని ఎలా చెక్ చేస్తామంటారు కంపెనీలవాళ్లు. అన్నీ అక్కర్లేదు. ఐఎస్ఐ తప్పనిసరైనవి చూడండి చాలు. లైసెన్సు నంబరు నిజమైనదో కాదో ఐఎస్ఐ గుర్తు ఇచ్చే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వాళ్ల 'బీఐఎస్ కేర్' యాప్‌లో నిమిషంలో నేను చూసుకోగలుగుతున్నాను. లిస్టింగ్ పెట్టనిచ్చే ముందు కంపెనీకి అదేం కష్టం? ఆ నంబరు లేని సరుకు గోదాము దాటి ఎవరికైనా హాని చేస్తే, గోదాము యజమానే విక్రేత అని చట్టంలో ఒక్క వాక్యం రాయాలి.

నేను వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేస్తున్నాను. 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు, ఉన్న ఊళ్లోనే వేయొచ్చు. కాగితాలకు జత చేద్దామని నిన్న సెల్లర్ పేజీ వెతికితే కనిపించలేదు. అదే రాడ్, అదే ఫొటోతో, ఇంకో పేరు మీద అమ్ముతున్నారు.