వీలునామా కంటే ముందు ఇవి

అమెరికాలో పిల్లలకు 18 నిండగానే వీలునామా రాయించమన్నారు ఈమధ్య చదివిన ఓ వ్యాసంలో. కాలేజీకి వెళ్లే పిల్లాడికి ఆస్తులేముంటాయండీ? ముందు కావాల్సింది హెల్త్‌కేర్ పవర్ ఆఫ్ అటార్నీ (పిల్లాడు చెప్పలేని స్థితిలో ఉంటే వైద్య నిర్ణయాలు మనం తీసుకునే అధికారమిచ్చే పత్రం), దాంతోపాటు హిపా (వైద్య వివరాల గోప్యతా చట్టం) కింద ఆ వివరాలు మనకు చెప్పొచ్చనే సమ్మతి పత్రం. 18 నిండితే చట్టం దృష్టిలో పెద్దవాడే కాబట్టి, 26 ఏళ్లదాకా మన ఇన్సూరెన్సులోనే ఉన్నా సరే, పిల్లాడు స్పృహలో ఉండి వద్దంటే డాక్టరు మనకేమీ చెప్పరు. చదువు వేరే రాష్ట్రంలో అయితే అక్కడి పవర్ ఆఫ్ అటార్నీ ఫారం కూడా నింపించడం మేలు. సాక్షులు, నోటరీ నిబంధనలు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి. మార్కుల సంగతి మరీ విచిత్రం. ఫీజు మనమే కట్టినా ఫెర్పా (విద్యార్థుల రికార్డుల గోప్యతా చట్టం) ప్రకారం వాటిపై హక్కు విద్యార్థిదే, కాలేజీలో చేరితే 17 ఏళ్లకైనా అంతే. పైగా వీటన్నిటిమీదా సంతకం పెట్టాల్సింది పిల్లలే, కాబట్టి కాస్త బతిమాలుకోవాలి! స్కాన్ చేసి ఫోన్‌లో పెట్టుకోండి. అర్ధరాత్రి ఆసుపత్రి నుంచి కాల్ వస్తే ఆ టెన్షన్‌లో బీరువాలు వెతకలేం.