శాలువా నాకెందుకు కప్పారు?

2025 మార్చి 30న, ఉగాది నాడు, బెంగళూరులో మన తెలుగు సంఘం హాలు వేదిక వెనకాల పచ్చడి గిన్నెలు పెట్టిన బల్ల కింద ఒక నీలం సూట్‌కేసు ఉండింది. మీలో చాలామందికి కాలికి తగిలే ఉంటుంది. ఒక చక్రం విరిగితే దానికి పురికొస చుట్టి ఉంది. పండగపూట ఈ పెట్టె ఎవరిదని ఇద్దరు ముగ్గురు విసుక్కున్నారు కూడా. పిల్లల పద్యాల పోటీ నడిపించిన అమ్మాయిది అది. నెల రోజులుగా ప్రతి శనివారం పిల్లలను పోగేసి, పలకని ‘ళ’లను పలికించిన అమ్మాయి. వారమంతా హైదరాబాద్‌లో ఉద్యోగం. శుక్రవారం రాత్రి బస్సెక్కి తెల్లారేసరికి ఇక్కడ దిగుతుంది. ఆదివారం మధ్యాహ్నం యశ్వంతపూర్‌లో వందే భారత్ ఎక్కి రాత్రికి కాచిగూడ చేరుతుంది. భర్తా, అయిదేళ్ల కొడుకూ ఇక్కడే, మత్తికెరెలో మా వీధికి రెండు వీధుల అవతల.

ఆ రోజు ఆమె బండికి టైమవుతుండగా నా సన్మానం మొదలైంది.

సన్మానం ఉందని నాకు ముందు చెప్పలేదు, చెప్పి ఉంటే ఏం చేసేదాన్నో కూడా తెలీదు. పేరు పిలిచారు, వెళ్లాను. "పిల్లల కోసం ప్రమోషన్‌ను తృణప్రాయంగా వదులుకున్న త్యాగమూర్తి" అన్నారు మైకులో. శాలువా కప్పారు, పండ్ల బుట్ట చేతిలో పెట్టారు. సరిగ్గా అప్పుడే ఆ అమ్మాయి హాలు పక్కగోడ వెంబడి పెట్టె లాక్కుంటూ గుమ్మం వైపు వెళ్తోంది. చక్రం చప్పుడుకి అందరూ అటు తిరిగారు. మైకు ఆయన నవ్వుతూ, "చూశారా, పండగపూట కూడా పెట్టె సర్దుకునే తల్లులున్న ఈ రోజుల్లో..." అని నా వైపు చెయ్యి చూపించారు. హాల్లో నవ్వులు. ఆ పిల్లవాడు పంచె కట్టుకుని నాన్న చంకలో ఉన్నాడు, చేతిలో రెండో బహుమతి స్టీలు గ్లాసు.

పొద్దున పంచాంగ శ్రవణంలో శాస్త్రిగారు నా రాశికి రాజపూజ్యం ఎంతో, అవమానం ఎంతో చదివారు. రెండూ ఒకే శాలువాలో చుట్టి ఇస్తారని మాత్రం చెప్పలేదు.

నేనేం చేశానంటారా? ఫోటోగ్రాఫర్ నవ్వమంటే నవ్వాను. ఆ ఫోటో ఈ సంచికలోనే ఎక్కడో వేసి ఉంటారు, చూసుకోండి. ఆ నిమిషంలో నోరు పెగలనందుకే ఈ వ్యాసం.

ముందు నా ‘త్యాగం’ సంగతి చెప్పనివ్వండి. పదిహేడేళ్లుగా నేనే సగం సగం చెప్పుకుంటూ వచ్చాను గనక మీ తప్పేం లేదు.

2008. ప్రభుత్వ బ్యాంకులో క్లర్కుగా చేరి మేనేజరు దాకా వచ్చాను. సీనియర్ మేనేజరు పరీక్ష, ఇంటర్వ్యూ అయ్యాయి, లిస్టులో పేరుంది, పోస్టింగు భోపాల్. మా ఆయన పీణ్యలో ఒక టూల్‌రూమ్‌లో పనిచేసేవారు. అమ్మాయి ఎనిమిది, అబ్బాయి రెండు. ఆదోని నుంచి వచ్చి మా దగ్గరే ఉంటున్న అత్తమ్మ. ఆర్డరు చేతికొచ్చిన రాత్రి ఒక పాత వోచరు వెనక నిలువుగీత గీసి ఇటు ‘పోతే’, అటు ‘ఉంటే’ అని రాశాను. పోతే జీతం నెలకు నాలుగు వేల చిల్లర పెరుగుతుంది, రెండో కాపురం ఖర్చు దాన్ని తినేసి ఇంకా అడుగుతుంది. ఉంటే ప్రమోషన్ వద్దని రాసివ్వాలి, మళ్లీ పిలుపు ఎప్పుడొస్తుందో చెప్పలేం. ఇంతవరకూ సులభమే. ‘పిల్లలు’ అన్న మాట ఎటువైపు రాయాలో తెలియక మధ్య గీత మీదే రాసిపెట్టాను.

అత్తమ్మ వంటింట్లో జొన్నరొట్టె తడుతూ అంతా వింటూనే ఉంది. ఆవిడ వద్దంటుందని నేను ఎదురుచూస్తున్నాను. నిజం చెప్పాలంటే వద్దనాలని కోరుకున్నాను. ఆవిడ పిండి చేతులతోనే బయటికి వచ్చి, "పోమ్మే, నేను లేనా యేంది? పిల్లోల్లకు ఇంత రొట్టె తట్టి పెట్టలేనా?" అంది. భోపాల్ ఎక్కడో తెలుసా అత్తమ్మా, కర్ణాటక ఎక్స్‌ప్రెస్‌లో ఒక రాత్రీ ఒక పగలూ దాటిపోతుంది అన్నాను. "ఆ బండి మా ఆదోని మీందనే కదా పోయేది. మా తమ్మునికి ఫోన్ చేస్తే టేషన్ కాడ రొట్టెలు, సెనక్కాయల పొడి తెచ్చిస్తాడు. యాడికో పోతాండట్ల యేడుస్తావేంది" అంది.

చదువు అయిదో తరగతితో ఆగిన మనిషి భోపాల్‌కి దారి చూపించేసింది. మా ఆయన పేపరు మడిచి, "నీ ఇష్టం" అన్నారు. మన మగవాళ్ల ‘నీ ఇష్టం’ గురించి ఇంకో వ్యాసం రాయొచ్చు, సంపాదకులు చోటిస్తే.

అంటే, నన్నెవరూ ఆపలేదు. నేనే ఆగాను. భయపడ్డాను. నా హిందీ దూరదర్శన్ ఆదివారం హిందీ. అంతకంటే పెద్దది సంతకం భయం. ఆ కుర్చీలో కూర్చుంటే పెద్ద అప్పులు మంజూరు చెయ్యాలి. ఒక్క పార్టీ ఎగ్గొడితే రిటైరయ్యే నాటికి కూడా ఫైలు వెంటాడుతుంది. అలా నిద్ర పోగొట్టుకున్నవాళ్లను దగ్గరగా చూశాను. ఆ భయాన్ని కాగితం మీద పెట్టలేం కదా. ‘పిల్లల చదువు దృష్ట్యా’ అని రాసిచ్చాను. అందరూ మెచ్చుకున్నారు. ఆ మెప్పు ఎంత రుచిగా ఉండిందంటే, కొన్నాళ్లకు నేనూ నమ్మేశాను.

శాలువా ఫోటో ఇంటి గ్రూపులో పెడితే మద్రాసు నుంచి మా అమ్మాయి ఫోన్ చేసింది. "అమ్మా, అప్పుడు నన్నడిగుంటే వెళ్లమనేదాన్ని. ఇప్పుడు సభలో నా పేరు మీద రాయొద్దు" అంది. దానికిప్పుడు రెండేళ్ల కూతురు.

సరే, ఉండిపోయి ఏం చేశాను? పిల్లలతో గడిపానా? మత్తికెరె నుంచి మా బ్రాంచి ఉన్న ఎలక్ట్రానిక్ సిటీ దాకా వెళ్లినవాళ్లకు చెప్పనక్కర్లేదు. అటు వెళ్లే ఫ్లైఓవర్ 2010లో గానీ తెరవలేదు, 2008లో స్తంభాలు లేస్తుండేవి, సిల్క్ బోర్డు దగ్గర బస్సు ఆగితే అక్కడే ఒక కునుకు తీసేదాన్ని. పొద్దున ఏడుకి బయల్దేరితే తిరిగి ఎనిమిదికి ఇల్లు. బ్యాంకు లెక్కలు మూసే మార్చి 31, సెప్టెంబరు 30 వచ్చాయంటే పదకొండు. అయినా వారంలో ఆరు రాత్రులు పిల్లలు నిద్రపోయే ముందు వాళ్ల మొహం చూశాను. ఇది తక్కువేం కాదు, కాదనను. కానీ సాయంత్రం మూడున్నర నుంచి ఏడు వరకు మా అబ్బాయిని చూసింది మా ఎదురింటి కన్నడ ఆవిడ. అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు, మేడ దిగలేకపోయేది. స్కూలు వ్యాను దిగిన పిల్లవాణ్ణి లోపలికి పిలిచి, చేతులు కడిగించి, ఉప్పిట్టు పెట్టి, హోంవర్కు చేయించేది. నాలుగేళ్లు. పైసా తీసుకోలేదు. ప్రతి యుగాదికి ఆవిడ వేపా బెల్లం కలిపిన బేవుబెల్లం ఇస్తుంది, నేను పచ్చడి గిన్నె ఇస్తాను. "ఆరు రుచులెందుకే తల్లీ, తీపీ చేదూ చాలవా" అని ఏటా వెక్కిరిస్తుంది. నా ‘త్యాగం’ నిలబడింది ఆవిడ వాకిలి మీద. ఆవిడకు ఏ శాలువా లేదు.

ఒక్కటి మాత్రం నా వైపు తూకంలో వెయ్యాలి. 2011లో ఒక రాత్రి అత్తమ్మకు పక్షవాతం వచ్చింది. నేనే ఆటోలో ఒళ్లో పడుకోబెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్లాను. భోపాల్‌లో ఉంటే ఆ రాత్రి నాకు ఉండేది కాదు. దాన్ని ఏ జీతంతోనూ మార్చుకోను. మూడో రోజు మాట కొంచెం వచ్చాక ఆవిడ నా చెయ్యి పట్టుకుని, మూతి ఒక పక్కకు లాగుతుండగా, "బోపాలు పోయింటే పెద్ద మేనేజరు అయ్యుంటివి" అంది. నేను ఉండిపోయినందుకు దక్కిన ఆ రాత్రినీ, ఆ మాటనూ విడదీయలేక ఇప్పటికీ సతమతమవుతుంటాను.

ఆ నీలం పెట్టె అమ్మాయి సంగతి నాకు తెలుసు గనక చెబుతాను, ఆమె చెప్పమంది కూడా. టీమంతా హైదరాబాద్‌కి మారితే, మారతావా మానేస్తావా అన్నారు. మానేస్తే ఇంటి అప్పు కంతు కట్టేదెవరు? భర్త వర్క్‌షాపు పెట్టి రెండేళ్లు కాలేదు, పదిమంది పనివాళ్లు కూడా లేరు. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టం మార్చి, యాభై మంది, అంతకు మించి ఉద్యోగులుంటే శిశు సంరక్షణ గది ఉండాలన్నారు. ఆమె ఆఫీసులో ఆ గది ఉంది, కొడుక్కి 570 కిలోమీటర్ల అవతల. ఇక పిల్లవాడు. రాత్రి ఎనిమిదికి ఉప్పు డబ్బాకి ఫోన్ ఆనించి, అమ్మ మొహం చూస్తూ పప్పన్నం తింటాడు. ఒకసారి నేనక్కడే ఉన్నాను. సిగ్నలు పోయి ఆమె మొహం బిగుసుకుపోతే వాడు ముద్ద నోట్లోనే పెట్టుకుని, మళ్లీ కదిలేదాకా నమలలేదు. ఇది చిన్న నష్టమని నేననను, ఆమె అసలే అనదు. "ఆంటీ, మీరు ఉండిపోయారు కదా, ఎప్పుడైనా బాధపడ్డారా?" అని ఆ రాత్రే అడిగింది. నేను గ్లాసులు తీసి సింకులో వేశాను.

మనవాళ్లను తప్పుపట్టడానికి రాయడం లేదు. కానీ ఆ రోజు నాకంటే ముందు సన్మానం పొందిన పెద్దాయనను తలుచుకోండి. పదకొండేళ్లు మస్కట్‌లో ఉన్నారు. ‘కుటుంబం కోసం ఎడారిలో చెమటోడ్చిన కష్టజీవి’ అన్నారు. నిజమే, ఆయనంటే నాకు గౌరవం. ఆ పదకొండేళ్లూ ముగ్గురు పిల్లలను ఒంటిచేత్తో పెంచిన ఆయన భార్య ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టింది. ఆవిడను వేదిక ఎక్కించాలని ఒక్కరికీ తోచలేదు. మన సంఘం పెద్దతరం ఎలా వచ్చింది ఈ ఊరికి? 1948లో ఐటీఐ టెలిఫోన్ల ఫ్యాక్టరీ, 1953లో హెచ్‌ఎంటీ యంత్రాల ఫ్యాక్టరీ, మరుసటేడు బెల్ ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీ. పెళ్లాం పిల్లలను ఊళ్లో వదిలి, ఒక్క గదిలో నలుగురు వంతులేసుకుని వండుకుంటూ, క్వార్టర్స్ వచ్చేదాకా ఏళ్లకేళ్లు గడిపినవాళ్లే ఎక్కువ. వాళ్లను పండగపూట పెట్టె సర్దుకున్న తండ్రులని ఎవరూ మైకులో అనలేదు. మగవాడు పొలిమేర దాటితే పొట్టకూటికి, ఆడది దాటితే పొగరుకి. ఈ సామెత ఏ పుస్తకంలోనూ లేదు, మన హాల్లో గాల్లో ఉంది. నా మట్టుకు నేను కూడా దాన్ని పీల్చినదాన్నే. మొదట్లో ఆ అమ్మాయిని చూసి, పిల్లవాణ్ణి వదిలి ఎలా ఉంటుందో అని నేనూ మా మహిళా విభాగంలో నోరు జారాను. రాసేశాను గనక ఇక దాచేదేం లేదు.

2014లో ఆర్థిక శాఖ ప్రభుత్వ బ్యాంకులకు, ఉద్యోగినులను వీలైనంతవరకు భర్త ఉన్న ఊళ్లోనో దగ్గర్లోనో వెయ్యమని రాసింది. నాకు ఆరేళ్లు ఆలస్యం. ఢిల్లీలో ఎవరికో తట్టిన సంగతి, వీధిలో ఉన్న మనకు తట్టదా?

అందుకే కార్యవర్గాన్ని అడుగుతున్నాను. ఉద్యోగమా కుటుంబమా అన్న విషయంలో దయచేసి ఎవరికీ శాలువాలు కప్పకండి, ఎవరినీ దెప్పకండి. వెళ్లినవాళ్లకు వాళ్ల వోచరు ఉంటుంది, ఉండిపోయినవాళ్లకు వాళ్లది. దాని వెనక ఏం రాసుకున్నారో మైకుకి తెలీదు. ఆ శాలువాలకయ్యే డబ్బు చాలు, ఇంకో పని చెయ్యొచ్చు. మన మేడమీద గ్రంథాలయం గది ఆదివారం తప్ప మూసే ఉంటుంది. రెండు ఫ్యాన్లున్నాయి, ఒకటి తిరుగుతుంది. చాపలు వేస్తే పదిహేను మంది పిల్లలు పడతారు. మూడున్నరకు స్కూళ్లు వదులుతాయి, హెబ్బాళ ఫ్లైఓవర్ దాటుకుని అమ్మానాన్నలు వచ్చేసరికి ఏడున్నర. ఆ నాలుగు గంటలు ఒకరు కూర్చుంటే చాలు. మనలో రిటైరైన టీచర్లున్నారు, బ్యాంకువాళ్లం బోలెడంతమంది ఉన్నాం, టీవీ సీరియళ్లు తప్ప పని లేనివాళ్లం. ఇంకో కాగితం మీద, పెద్దవాళ్లను ఆసుపత్రిలో చేరిస్తే రాత్రి తోడు పడుకోగలిగినవాళ్ల పేర్లూ ఫోన్ నంబర్లూ రాసిపెడదాం. నా పేరు మొదట రాసుకోండి.

గది తాళంచెవి వాచ్‌మన్ దగ్గర లేదట, కార్యదర్శిగారి బీరువాలో ఉందట. వచ్చే సోమవారం మూడింటికి వచ్చి హాలు మెట్ల మీద కూర్చుంటాను. ఎదురింటి ఆవిడ కూడా వస్తానంది, ఆవిడకు తెలుగు మీ అందరికంటే బాగానే వచ్చు. శాలువా పట్టుకొస్తాను. చలికాలం ఆ గదిలో నేల జిల్లుమంటుంది, చాప మీద పరుచుకోవడానికి పనికొస్తుంది.