సవరణ: సియాటెల్ మంచు గురించి నిన్న రాసింది

సియాటెల్ చుట్టుపక్కల "వింటర్ స్టార్మ్ వార్నింగ్ వచ్చేసింది, మంచు ఖాయం" అని నిన్న పోస్టు పెట్టాను. అది తప్పు. నేషనల్ వెదర్ సర్వీస్ (అమెరికా ప్రభుత్వ వాతావరణ శాఖ) ఇచ్చింది వార్నింగ్ కాదు, వాచ్. నేనే తొందరలో సరిగ్గా చదవలేదు. వాచ్ అంటే మంచు పడే అవకాశం ఉంది, సిద్ధంగా ఉండమని. వార్నింగ్ అంటే దాదాపు ఖాయమని, లేదా మొదలైందని.

ఇక్కడ ఈ తేడా చిన్నది కాదు. కెనడా లోపలి నుంచి ఫ్రేజర్ లోయ గుండా దూసుకొచ్చే ఆర్కిటిక్ గాలి బాగా చల్లన, కానీ పొడిగాలి. పసిఫిక్ మీది తేమ సరైన వేళకి వచ్చి దాన్ని కలిస్తేనే మంచు. కాస్త అటూ ఇటూ అయితే వట్టి వాన, లేదా ఎండ కాస్తూనే గడ్డకట్టించే చలి. కాబట్టి మంచు సంగతి ఇంకా తేలలేదు. చలి మాత్రం వస్తోంది, ఉత్తరాన కెనడా సరిహద్దు దగ్గరున్న బెల్లింగ్‌హామ్ వైపు ముందుగా తగులుతుంది.

నిన్నటి పోస్టులో పైపుల గురించి రాసింది మాత్రం మార్చడం లేదు. పెరటి కుళాయికి తగిలించిన హోస్ ఈ రాత్రే విప్పేయండి. అందులో నిలిచిన నీళ్లు గడ్డకడితే గోడలోపలి పైపు పగలొచ్చు. మన ఊళ్లలో ఈ బెడద ఉండదు కనుక కొత్తగా వచ్చినవాళ్లకి తట్టదు.

నా పాత పోస్టు వాట్సాప్‌లో పంపినవాళ్లు దయచేసి ఇదీ పంపండి.