అలకపాన్పు ఎవరికి?

మన పెళ్లిళ్లలో అలకపాన్పు అని ఒక ముచ్చట ఉంది. పెళ్లికొడుకు పాన్పు ఎక్కి అలుగుతాడు. అత్తమామలు వాచీయో, ఉంగరమో, బండో ఇస్తామని బతిమాలితే దిగుతాడు. అందరూ నవ్వుకుంటారు. అలకకు కూడా ఇంత మర్యాద చేసినవాళ్లం, ఆ పాన్పు ఆడపిల్ల తల్లికి మాత్రం ఎప్పుడూ వేయలేదు.

పండగ వచ్చిందంటే అలిగే హక్కు ఇప్పటికీ ఒకవైపే. అల్లుణ్ణి ఫోన్లో పిలిస్తే ‘ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలవలేదు’ అంటారు. వెళ్లి పిలిస్తే ‘మా అబ్బాయికి బట్టలు పెట్టారు, వాడి చెల్లెలు కనబడలేదా’ అంటారు. కట్నం అడగడం 1961 చట్టం ప్రకారం నేరం. అలక మాత్రం అడక్కుండానే అడుగుతుంది.

ఈ పిలుపుల పద్ధతి ఊళ్లు దూరంగా ఉన్న రోజుల్లోది. ఆడపిల్లను పండక్కి తీసుకురావడానికి అన్నో తమ్ముడో వెళ్లేవాడు. అక్కడ ఒక పూట తిని, రాత్రి పడుకుని, అత్తగారి మాటలన్నీ విని వచ్చేవాడు. మనసులో ఏదైనా ఉంటే సగం అక్కడే తేలిపోయేది. హైదరాబాద్‌లో ఇప్పుడు ఎల్బీ నగర్‌లో ఒక వియ్యంకుడు, మియాపూర్‌లో ఇంకొకరు. మధ్యలో 29 కిలోమీటర్లు, 2018 నుంచి నేరుగా మెట్రో. దూరం తగ్గింది, దాంతో మనిషి వెళ్లడం కూడా పోయింది. ‘పిల్లలు చెప్తారులే’ అనుకుంటున్నాం. ఆ పిల్లలేమో ఆఫీసు కాల్స్ మధ్య సగం మాట చేరవేస్తారు, సగం మింగేస్తారు. మింగినదాన్ని మనం ఊహించుకుంటాం.

ఒకటి గమనించాను. తెలంగాణ అమ్మాయి, గోదావరి అబ్బాయి అయితే పేచీ తక్కువ. దసరా వీళ్లది, సంక్రాంతి వాళ్లది. ఇద్దరూ ఒకే వైపు వాళ్లయితేనే టెన్షన్, ఎందుకంటే ఇద్దరికీ అదే రోజు కావాలి.

మాది ఆ రెండో రకం. బతుకమ్మ పుట్టింటి పండగ, 2014 నుంచి రాష్ట్ర పండగ కూడా. ఆ మధ్య ఒకసారి పండగ ఆఖరి రోజు, సద్దుల బతుకమ్మ నాడు, మా అమ్మాయి రాత్రి తొమ్మిదికి వచ్చింది. అప్పటికి బతుకమ్మను చెరువులో వదిలేసి వచ్చాం. వాళ్లింటికి చుట్టాలొచ్చారట. నేను పైకి ఏమీ అనలేదు, పెరుగన్నం, పులిహోర డబ్బాలో పెట్టి పంపాను. ఆ డబ్బా నెల దాకా తిరిగి రాలేదు. దాని మీద కూడా కోపం తెచ్చుకున్నాను, చిన్నతనమే.

ఒక్కతే కూతురైన ఇళ్లల్లో ఈ బాధ ఇంకా ఎక్కువ. వంట చేసుకుని ఇద్దరే కూర్చుని తినే పండగ అది. మగపిల్లాడి తల్లిదండ్రులకు ఇది తట్టదు, వాళ్లు చెడ్డవాళ్లని కాదు. పిలవడం ఆడపిల్లవాళ్ల పని అని ముందే రాసిపెట్టి ఉంది కాబట్టి. ఒకే ఊళ్లో ఉన్నప్పుడు అబ్బాయివాళ్లు ‘మీరూ రండి, ఇక్కడే తిందాం’ అని పిలిస్తే ఏ శాస్త్రం అడ్డొస్తుంది?

నేనూ ఈ మాట చాలాచోట్ల గట్టిగానే అన్నాను. కిందటేడు పండగ మొదలయ్యే ఎంగిలిపూల బతుకమ్మకు ముందు రోజు కుంకుమ భరిణె పట్టుకుని మెట్రో ఎక్కాను. మా వియ్యపురాలికి బొట్టు పెట్టి, సద్దుల నాడు అందరూ రావాలి వదినా అన్నాను.

ఆమె బొట్టు పెట్టించుకుని కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: ‘అందరమా? ఆరేళ్ల నుంచి కోడల్ని, అబ్బాయినే కదా పిలుస్తున్నారు వదినా. మేమిద్దరం ఇక్కడే ఉంటాం ఆ రోజు.’