అరబ్బు పేర్లకు ఇంగ్లిషు కత్తెర

అరబ్బు పేర్లను బాగుచేయడానికి ఇంగ్లిషు పత్రికలు పడుతున్న శ్రమను ఎవరూ గుర్తించడం లేదు. ఇది అన్యాయం.

సిరియాను ఏలిన బషర్ అల్-అసద్ సంగతే చూడండి. వార్త మొదట్లో నిండు పేరు, తర్వాత అల్ ఎగిరిపోయి ఉత్త అసద్. ఆయన సిరియా వదిలి మాస్కో చేరడానికి 2024 డిసెంబరు దాకా పట్టింది గానీ, అల్ మాత్రం రోజూ రెండో పేరాకల్లా పారిపోయేది. పైగా అరబ్బీలో ఈ అల్‌లు రెండు రకాలున్నాయట. ఒకటి ఇంగ్లిషు 'ద' లాంటిది. రెండోది దీర్ఘంతో ఆల్, అంటే వంశం. సౌదీ రాజుల ఆల్ సౌద్, దుబాయ్ పాలకుల ఆల్ మక్తూమ్ ఈ రకం. ఇంగ్లిషులో రెండింటికీ అవే రెండక్షరాలు కాబట్టి, తాను కోస్తున్నది తోకనో వంశాన్నో అన్న టెన్షన్ సబెడిటర్‌కి లేదు.

సద్దాం హుసేన్‌లో హుసేన్ తండ్రి పేరు. న్యూయార్క్ టైమ్స్ మాత్రం మిస్టర్ హుసేన్ అనే రాసేది. యుద్ధం కొడుకుతో, మర్యాద తండ్రికి. సౌదీ యువరాజు మహమ్మద్ బిన్ సల్మాన్ దగ్గరికొచ్చేసరికి ఓపిక నశించి ఎంబీఎస్ అనేశారు. డాక్టరు చదువులో ఒక బీ తప్పినట్టున్నా నోరు తిరుగుతుంది. గడాఫీ 42 ఏళ్లు లిబియాను ఏలి 2011లో పోయాడు, ఆయన పేరు క్యూతో మొదలవుతుందో జీతోనో కేతోనో పత్రికల మధ్య తేలనే లేదు.

అన్నిటికన్నా గొప్ప సేవ ఈజిప్టు నాయకుడికి జరిగింది. ఆయన గమాల్ అబ్దెల్ నాసర్. అబ్దెల్ నాసర్ అన్నది తండ్రి పేరు, దాన్ని విడదీయకూడదు. అబ్ద్ అంటే దాసుడు, నాసర్ అంటే ఆదుకునేవాడు, అంటే దేవుడు. ఈజిప్టువాళ్లు ఇప్పటికీ అబ్దెల్ నాసర్ అనే అంటారు. ఇంగ్లిషువాళ్లు దాసుణ్ణి తీసేసి నాసర్‌ను ఉంచారు. రామదాసులో దాసును కొట్టేసి రాముణ్ణి చేసినట్టు! 1956లో సూయజ్ కాలువను జాతీయం చేశాడని బ్రిటన్ పళ్లు నూరింది, దండెత్తింది, అయినా తిట్టిన ప్రతిసారీ దేవుడనే పిలిచింది. శత్రువుకు ఇంతటి పదోన్నతి ఇచ్చిన దేశం ఇంకోటి ఉందా?

ఈ భాగ్యం అరబ్బులకేనా అని మనవాళ్లు చిన్నబుచ్చుకోనక్కర్లేదు. పాములపర్తి వెంకట నరసింహారావు ప్రధాని అయినప్పుడు అమెరికా పత్రికల్లో ఆయన మిస్టర్ రావు. ఇంటిపేరు ముందుంటే అది ఇంటిపేరే కాదని, చివరున్న గౌరవపదమే ఇంటిపేరని వాళ్లు మనకు నేర్పారు. ఈ సూత్రాన్ని మన చరిత్ర పుస్తకాల్లోనూ అమలుచేస్తే పిల్లలకు బోలెడు బట్టీ తప్పుతుంది. 1984 ఆగస్టులో మిస్టర్ రావును దించి మిస్టర్ రావు ముఖ్యమంత్రి అయ్యారు. జనం రోడ్లెక్కారు, నెల తిరిగేసరికి మిస్టర్ రావును పంపించి మిస్టర్ రావు మళ్లీ కుర్చీ ఎక్కారు. 1994 చివర్లో మిస్టర్ రావు ప్రధానిగా ఉండగానే, ఆయన పార్టీని సొంత రాష్ట్రంలో మిస్టర్ రావు చిత్తుగా ఓడించారు. ఎవరు ఎవరిని అని అడిగే పిల్లాడికి సున్నా మార్కులు వేయాలి.